ఆఖరి చరణంలో పేర్లు

నేను మా తిరువూరు చర్చిలో పాట ఎత్తుకుంటే అక్కడ గంపలగూడెంలో గేదెలు పలుపుతాళ్ళు తెంపుకునేవి. అబద్ధమైతే డోలక్ వాయించే జోజప్పను అడగండి. ఆయనకి చెవుడు, అది వేరే సంగతి.

కోతల పండక్కి మేం సృష్టి కీర్తన పాడతాం. ఎండనీ, వాననీ, మంచునీ, పశువుల్నీ పేరుపేరునా పిలిచి దేవుణ్ణి స్తుతించమంటాం. దొరల కాలంనాటి వరసలో పాడితే మొదలెట్టినప్పుడు నాటిన వరి ముగించేసరికి కోతకొస్తుంది, అంత సాగదీత. అందుకే మా అల్లుడు కృపానందం నాలుగు గొంతులకి కొత్త వరస కట్టాడు. అందులో కిందిగొంతు మా అమ్మాయి రూత్‌ది.

ఏ వరసైనా ఆఖరి చరణంలో పాడేవాళ్ళ పేర్లే పిలుస్తారు. పిలిచినవాళ్ళు "స్తుతిస్తున్నా" అని పలకాలి. బతికున్నవాళ్ళనే పిలవాలని పెద్దల కట్టడి.

రూత్ కిందటేడు జ్వరంతో పోయింది. ఆనాటి నుంచి దాని కూతురు పూజిత నోరు విప్పలేదు. ఏడేళ్ళ పిల్ల. బెజవాడలో చూపించని డాక్టరు లేడు. నేను ఉపవాసాలుండి ఉండి చీపురుపుల్లనయ్యాను. అది ఒక్కసారి "అమ్మమ్మా" అంటే చాలు, ఆ క్షణమే నా ప్రాణం పోయినా సరే అనుకునేదాన్ని.

పండగ ముందురోజు సాయంత్రం ప్రాక్టీసు. ముసురుకి ఎవరూ రాలేదు. అల్లుడు, జోజప్ప, నేను, నా ఒళ్ళో పూజిత. కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలుగులో కానుకల వరికంకులు, గుమ్మడికాయలు. పచ్చిగడ్డి వాసన.

"వానా, స్తుతించు!" అన్నాడు అల్లుడు. రేకుల మీద వాన హోరెత్తింది.

"గాలీ, స్తుతించు!" తలుపు దభాలున కొట్టుకుంది.

"అల్లుడుగారూ, పన్లోపని కరెంటుని కూడా పిలవండి," అన్నాను. ఆయన నవ్వలేదు.

ఆఖరి చరణం వచ్చింది. "జోజప్పా!"

పెదాల కదలిక చూసి జోజప్ప పలికాడు. "స్తుతిస్తున్నా."

అల్లుడు ఆగాడు. కళ్ళనిండా నీళ్ళు.

"అత్తయ్యా... పిల్ల కోసం చెయ్యనిదేముంది? ఇదొక్కటే మిగిలింది."

"వద్దు నాయనా..."

"రూత్!"

వాన ఆగిపోయింది. ఒక్క చుక్క లేదు. కిందిగొంతు వాళ్ళ ఖాళీ బెంచీ కిర్రుమంది. గడ్డి వాసన పోయి... శవపెట్టె మూసేముందు రూత్ మీద చల్లిన సెంటు వాసన.

"స్తుతిస్తున్నా..."

నా బిడ్డ గొంతే. చెవిటి జోజప్ప కూడా అటు తిరిగాడు.

నా ఒళ్ళో పూజిత వణికింది. "అమ్మా," అంది.

మాట! ఏడాదికి మాట! నాకు మతి పోయింది. దాన్ని గుండెలకి హత్తుకుని, పెదాలు తడుముతూ, "పిలవండి! దీని పేరూ పిలవండి!" అని అరిచాను.

"పూజితా!"

"స్తుతిస్తున్నా!"

తేనెలాంటి గొంతు. కానీ నా అరచెయ్యి దాని పెదాల మీదే ఉంది. అవి కదల్లేదు.

గొంతు వచ్చింది ఆ బెంచీ మీద నుంచి.

అంతే. ఆ తర్వాత పిల్ల నోట మళ్ళీ మాట లేదు. అల్లుడు ఇక పాట కట్టలేదు. గేదెల్ని బెదరగొట్టిన నేను ఇప్పుడు చర్చిలో నోరు మూసుకునే కూర్చుంటున్నాను. ఎందుకంటే ప్రతి ఆదివారం, ఏ పాటైనా సరే, ఆఖరి చరణం దగ్గర, పిల్ల నా ఒళ్ళో నిద్రపోతుంటే... ఆ బెంచీ మీద నుంచి దాని గొంతు ముద్దుగా పిలుస్తుంది.

"అమ్మమ్మా..."

నేనింకా పలకలేదు.