మాంసం వస్తుందని తెలిసిన మనిషి

దుద్దులు పోయాయి.

ఏడురాళ్ళ వజ్రాల దుద్దులు. పద్మినికి వాళ్ళ అమ్మమ్మ ఇచ్చినవి. మేడమీద బెడ్‌రూమ్ సొరుగులో, ఎర్ర మఖమల్ సంచిలో ఉండాలి. సంచితో సహా మాయం.

అతిథులకు చూపిద్దామని పైకి వెళ్ళిన పద్మిని ఉత్తచేతులతో మెట్లు దిగింది.

"భోజనానికి కూర్చునే ముందు చూశాను. అక్కడే ఉన్నాయి," అంది.

1983 అక్టోబరు. పార్సిప్పనీలో ఆదివారం మధ్యాహ్నం, మూడు దాటింది. టేబుల్ చుట్టూ ఐదుగురు. ఇంటాయన డాక్టర్ హరనాథ్. ఆయన స్నేహితుడు ఇంజినీరు నరసింహం. చర్చి నుంచి నేరుగా వచ్చిన సత్యానందం, అతని భార్య వసంతకుమారి. వాళ్ళ చర్చి అమ్మాయి దెబోరా. హరనాథ్ ఆస్పత్రిలోనే నర్సు.

ఇటాలియన్ భోజనం అని పిలిచి, భార్యను కూడా వంటగదిలోకి రానివ్వకుండా హరనాథ్ స్వయంగా వండాడు. పళ్ళాల్లో మాంసం మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది. వండినాయనది కాక, సత్యానందం దంపతుల పళ్ళాలే ఖాళీ.

సత్యానందం ఇన్సూరెన్స్ కంపెనీలో ఇన్వెస్టిగేటర్. పోయిన నగలు, పోకుండానే పోయాయన్న నగలు, పన్నెండేళ్ళుగా అతనికి అదే పని. తన ముందు ఎవరి అబద్ధమూ నిలవదని గట్టి నమ్మకం. ఆ నమ్మకమే ఆ పూట కొంప ముంచింది.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈ దొంగని నేనైనా పట్టగలను," అన్నాడు నరసింహం. "నడుమ పైకి వెళ్ళింది ఈ అమ్మాయొక్కతే. నా కళ్ళతో చూశాను."

దెబోరా ముఖం పాలిపోయింది. "కోటు కోసం వెళ్ళానండీ. కోట్లన్నీ ఆ మంచం మీదే పెట్టాం కదా. భోజనం అయిపోయిందనుకున్నా. ఈవినింగ్ డ్యూటీ ఉంది నాకు."

పద్మిని ఫోన్ ఎత్తింది. "పోలీసులే తేలుస్తారు."

"అన్నయ్యా," అంది దెబోరా, సత్యానందం వైపు తిరిగి. "నా గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. పోలీస్ రిపోర్ట్‌లో పేరు ఎక్కితే నా బతుకు బజారున పడుతుంది."

ఆ పిల్లను ఈ భోజనానికి తీసుకొచ్చింది తనే. సత్యానందం లేచాడు.

"పది నిమిషాలు ఆగమ్మా పద్మినీ. ఫోన్ పెట్టెయ్."

ప్రశ్నలు మొదలయ్యాయి.

"ఏ సొరుగు?"

"ఈయన స్వెటర్ల సొరుగు. అట్టడుగున పెట్టా."

"వెతికిన గుర్తులున్నాయా?"

"లేవు. ఒక్క మడత చెదరలేదు."

"సంచి నీదేనా?"

"కాదు. ఆ సొరుగులోనే దొరికింది, ఖాళీగా. ఎవరో పేషెంట్ ఇచ్చారన్నారు ఈయన. పనికొస్తుందని దుద్దులు అందులో వేశా."

"డాక్టరుగారూ, ఈ ఇంటికి ఇంతకుముందు ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు," అన్నాడు హరనాథ్. "పద్మిని మూడు నెలలు విశాఖలో ఉంది కదా, అప్పుడు కొన్నాను. తను వచ్చి వారమే. మీరే మొదటి అతిథులు."

"ఈ వంట?"

"ఇవాళే మొదటిసారి. ఆస్పత్రిలో ఒక ఇటాలియన్ సర్జన్ నేర్పాడు."

"స్పగెట్టీ తిన్నాక ఎవరెవరు ఎక్కడున్నారు?"

నరసింహం సోఫాలో నడుం వాల్చాడు, మధ్యలో ఒక కునుకు కూడా తీశాడు. హరనాథ్ వంటగదిలో. పద్మిని సత్యానందానికి పెరడు చూపించింది. దెబోరా మేడమీద. భార్యను మాత్రం సత్యానందం అడగలేదు. అడగాలని తోచలేదు.

అతను కుర్చీ వీపు మీద చేతులానించి నిలబడ్డాడు. ఇలాంటి ఘట్టమంటే అతనికి సరదా.

"దొంగ వెతకలేదు. తిన్నగా సొరుగు తీసి, అడుగున చెయ్యి పెట్టాడు. అంటే ఈ ఇంటికి కొత్తవాడు కాదు. డాక్టరుగారు ఎవరూ రాలేదంటున్నారు. సరే, భోజనాన్నే అడుగుదాం."

"భోజనం ఏం చెప్తుందయ్యా?" అన్నాడు నరసింహం.

"మనం విస్తట్లో అన్నీ ఒకేసారి వడ్డించుకుని, చూసుకుని తినేవాళ్ళం. ఇటలీ వాళ్ళు అలా కాదు. ముందు ఆలివ్‌లు, చీజ్. అది తీసేశాక స్పగెట్టీ. అదీ తీసేశాకే మాంసం. ఆ సంగతి తెలియక స్పగెట్టీయే భోజనం అనుకున్నాం. మీరు మూడుసార్లు వేయించుకుని బెల్టు వదులు చేసుకున్నారు. పద్మిని రెండుసార్లు వేయించుకుని, పెరుగేదని అడిగింది. ఇంటి ఇల్లాలికే తెలియదు. దెబోరా అయితే కోటు తొడుక్కుని దిగింది. ఈ ఇంట్లో ముందు తిన్న మనిషైతే, మాంసం రాకముందే కోటు తొడుక్కుంటుందా?"

దెబోరా కళ్ళు తుడుచుకుంది.

"మాంసం వస్తుందని తెలిసిన మనిషి స్పగెట్టీ దగ్గర కడుపులో కాస్త చోటు ఉంచుకుంటాడు. అలా ఉంచుకున్నది ఎవరంటే..."

ఆగిపోయాడు.

ఎదురుగా తన పళ్ళెం. బొమికలు తప్ప ఏమీ లేవు. దాని పక్కన వసంతకుమారి పళ్ళెం. అదీ అంతే.

స్పగెట్టీ గిన్నె తన దగ్గరికి వచ్చినప్పుడు ఆమె చెవి దగ్గర అన్న మాట ఇప్పుడు వినపడింది.

"కొంచెమే పెట్టుకోండి. వెనకాల మాంసం వస్తుంది."

పందొమ్మిదేళ్ళ కాపురం. ఎక్కడికెళ్ళినా భర్త కడుపు చూసుకునే ఆడది. ఆ అలవాటే ఆమెను పట్టించింది. ఆ పందొమ్మిదేళ్ళూ సత్యానందానికి ఒక్క క్షణంలో చేదెక్కాయి.

"చెప్పండి అన్నయ్యగారూ. ఎవరు?" అంది పద్మిని.

వసంతకుమారి అతని వైపే చూస్తోంది. తల అడ్డంగా, కనీ కనపడకుండా ఊపింది. హరనాథ్ దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. సత్యానందం ఏదో ఒకటి చెప్పి తప్పుకోవచ్చు. నా లెక్క తప్పిందమ్మా అనొచ్చు. అప్పుడు పద్మిని ఫోన్ ఎత్తుతుంది. దెబోరా రెండు చేతులతో కోటు గుండెకి హత్తుకుని అతన్నే చూస్తోంది.

"దెబోరా కాదు," అన్నాడు. "మాంసం వస్తుందని నాకు ముందే చెప్పింది మా ఆవిడ."

"సత్యం, అసలు సంగతి..." హరనాథ్ లేవబోయాడు.

"మీరు కూర్చోండి," అంది పద్మిని, అతని వైపు చూడకుండానే.

వసంతకుమారి హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. ఎర్ర సంచి తీసి టేబుల్ మీద పెట్టింది.

"ఈ సంచి నాది. ఇదివరకు ఇక్కడ మరిచిపోయాను, ఇవాళ తీసుకున్నాను. లోపల దుద్దులున్నాయని నాకు తెలియదు."

ఆ మాట అబద్ధం కాదని సత్యానందానికి తెలుసు. అబద్ధమైతే బాగుండేదనుకున్నాడు. భార్య దొంగ అయినా ఓర్చుకునేవాడు.

"డ్యూటీకి టైమవుతోంది, వెళ్ళమ్మా," అన్నాడు దెబోరాతో. ఆమె తల వంచుకుని వెళ్ళిపోయింది. నరసింహం కూడా వెనకే జారుకున్నాడు.

పద్మిని దుద్దులు తీసుకోలేదు. కుర్చీ లాక్కుని వసంతకుమారికి ఎదురుగా కూర్చుంది.

"మా ఇంట్లో తర్వాత ఏం వడ్డిస్తారో నాకు తెలియదు. మీరు చెప్పండి వదినగారూ."

ఎర్ర సంచిని పక్కకి జరిపింది.

"సలాడ్," అంది వసంతకుమారి, తలెత్తకుండా. "తర్వాత పళ్ళు. ఆఖర్న కాఫీ."

పద్మిని లేచి వంటగది తలుపు తీసి చూసింది. అన్నీ ఆ వరసలోనే పెట్టి ఉన్నాయి.