ముందు చక్రంలో గాలి

నేను చెప్పబోయేది నమ్మలేని పెద్దమనుషులు ఎవరైనా ఉంటే ఇక్కడే ఆగిపోండి, నేనేమీ అనుకోను. డెబ్బై రెండేళ్ళ వాణ్ణి. అందులో యాభై ఏళ్ళు సైకిళ్ళ మధ్యే గడిపాను. మూడు వందల కిలోమీటర్ల కంకర దారి పందెంలో టైరు చిరిగితే, దాన్నిండా ఎండుగడ్డి కుక్కి చివరి నలభై కిలోమీటర్లూ తొక్కాను. ఆ గడ్డి కోసం మేకలు వెంటపడ్డాయి. మొదట రెండే. నేను గీత దాటేసరికి నా వెనక మంద ఉంది. రెండో బహుమతి మేకకివ్వాలా మనిషికివ్వాలా అని నిర్వాహకులు గంటసేపు కొట్టుకున్నారు. ఇది నమ్మినవాళ్ళు మిగతాదీ నమ్ముతారు. నమ్మనివాళ్ళ కోసం సాక్షి ఉన్నాడు. చివర్లో చెబుతాను, వెళ్ళి అడిగి రండి.

నాకు రెండు గదుల సైకిల్ షాపుంది. ముందు గదిలో రిపేర్లు, వెనక గదిలో సామాను, పైన ఇల్లు. అందరూ నన్ను బొటనవేలి మేస్త్రి అంటారు. గాలి కొలిచే గేజిని నేనెన్నడూ ముట్టుకోలేదు మరి. టైరు మీద వేలు పెట్టి నొక్కి ముప్ఫై రెండు పాయింట్లు అన్నానంటే ముప్ఫై రెండే. గేజి ముప్ఫై మూడు చూపిస్తే గేజినే పారేసేవారు గాని, నా వేలిని అనుమానించినవాడు లేడు.

ఇక ఎవరికీ చెప్పనిది చెబుతాను. మూడేళ్ళ కిందట నా వేళ్ళు మొద్దుబారాయి. రెండు బొటనవేళ్ళూ. ఒకరోజు పొద్దున్నే సూదితో గుచ్చుకుని చూసుకున్నాను. రక్తం వచ్చింది, నొప్పి రాలేదు. మెడలో నరం నలిగిందన్నాడు డాక్టరు. నేను మాత్రం షాపులో ఎప్పట్లాగే నొక్కుతూ, ఏదో ఒక అంకె చెబుతూ బండి లాగించాను. కూరగాయలకీ ఆఫీసుకీ వెళ్ళే సైకిళ్ళకి అది సరిపోయింది.

మా అమ్మాయికి సరిపోలేదు.

ఒక్కగానొక్క కూతురు. నా దగ్గరే పని నేర్చుకుని, నాకన్నా వేగంగా టైరు ఎక్కించేది. గాలి కొట్టేటప్పుడు వాల్వు మూతని పళ్ళ మధ్య పట్టుకునేది. మింగుతావే, జేబులో పెట్టుకో అంటే, జేబులో అయితే పోతుంది నాన్నా, నోట్లోంచి ఎక్కడికి పోతుంది అనేది. దాని మూతలన్నిటి మీదా పళ్ళ గాట్లే. ఎప్పుడూ పిప్పరమెంటు చప్పరించేది కాబట్టి వాటికి ఆ వాసన కూడా.

కిందటేడు రెండు వందల అరవై కిలోమీటర్ల పందెం. మొదటి వంద గట్టి మట్టి, ఆ తరవాత వదులు కంకర. నూట ఎనభై దగ్గర కొండ మీద చెక్‌పోస్టు. అక్కణ్ణుంచి పిడికిలంత రాళ్ళ మీదుగా దిగుడు. వెడల్పు టైర్లు కావాలంది అమ్మాయి, గరుకు గళ్ళున్నవి. నేను ఒప్పుకోలేదు. నేను గెలిచినప్పుడల్లా సన్నవే, నున్నవే. అవే ఎక్కించాను. బయలుదేరే చోట పదిమంది ముందు గాలి కొట్టి, వేలితో నొక్కి, ముప్ఫై ఐదు అని ప్రకటించాను. అదీ నొక్కి చూసింది. నా చెవి దగ్గరికి వంగింది.

"గట్టిగా ఉందేమో నాన్నా."

నేను అందరికీ వినపడేలా నవ్వాను. నా వేలికన్నా నీ వేలు ఎక్కువ చదువుకుందేమే అన్నాను. అందరూ నవ్వారు. అదీ నవ్వింది, మూత బిగించుకుని వెళ్ళిపోయింది.

దిగుడులో మూడో మలుపు దగ్గర పడిపోయింది. తల రాయికి తగిలింది. అంతే.

నాలుగు రోజుల తరవాత సైకిల్‌ని తెచ్చి షాపులో పెట్టి వెళ్ళారు. ముందు చక్రం చెక్కుచెదరలేదు. తలుపు వేసుకుని, జన్మలో మొదటిసారి గేజి పట్టుకున్నాను. అరవై ఒకటి. అంత గట్టి చక్రం రాళ్ళ మీద నిలబడదు, బంతిలా ఎగురుతుంది. నాకు తెలిసినంతగా ఆ సంగతి ఇంకెవరికి తెలుసు? వాల్వు నొక్కి గాలంతా తీసేశాను. ఎవరూ చూడలేదు. దారి బాగుచేయించలేదని నిర్వాహకుల్ని ఏడాది పొడుగునా తిట్టాను.

ఈ ఏడు పందేనికి ముందు రోజు అల్లుడొచ్చాడు. అమ్మాయి వదిలేసిన దారి దాని సైకిల్ మీదే పూర్తి చేస్తానన్నాడు. మనిషి తాటిచెట్టంత పొడుగు. సీటు ఎంత పైకి లేపినా మిడతలాగే కూర్చున్నాడు. టైర్లు మీరే చూడండి మామయ్యా అన్నాడు. వద్దనడానికి కారణం చెప్పాలి కదా. చెప్పలేకపోయాను.

ఈసారి వెడల్పువే తీశాను. నలభై ఐదు మిల్లీమీటర్లవి. వేళ్ళతో తడిమితే గళ్ళు తెలియలేదు, చెంపకి ఆనించి చూసుకున్నాను. రిమ్ముకెక్కించి, లోపల చిల్లులు పూడ్చే పాలలాంటి రబ్బరు మందు పోసి, గాలి కొట్టాను. నొక్కాను. ముప్ఫై అన్నాను. అల్లుడు తలాడించి, సంచి సర్దుకోవడానికి మేడ మీదికి వెళ్ళాడు. గేజి వెనక గదిలో మేకుకి వేలాడుతోంది. పది అడుగులు. వెళ్ళి తెచ్చుకోవచ్చు. తెచ్చుకునేలోగా అల్లుడు దిగొస్తే చూస్తాడు. చూస్తే అడుగుతాడు.

పొట్లంలో మిగిలిన ఒకే ఒక్క కొత్త ఎర్ర మూత తీసి ముందు చక్రం వాల్వుకి బిగించాను. బయట ముసురు పట్టింది. సాయంత్రం ఆరున్నరకే చీకటి కమ్మింది. షట్టరు సగం దించి, వెనక చక్రం తుడుస్తున్నాను. రబ్బరు వాసన, నూనె వాసన, తడిసిన మట్టి వాసన. రేకుల మీద వాన చప్పుడు...

స్స్‌స్స్...

తిరిగి చూశాను. ముందు చక్రం మెత్తబడి రిమ్ము కిందికి దిగింది. మూత లేదు.

బల్ల కింద వెతికాను, పంపు వెనక వెతికాను. కనపడలేదు. వాల్వు వదులై ఉంటుందనుకున్నాను. బిగించి మళ్ళీ కొట్టాను. నొక్కాను. ఏమీ తెలియలేదు. ముప్ఫై అని నాకు నేనే చెప్పుకున్నాను.

కరెంటు పోయింది.

స్స్‌స్స్... ఆగింది. మళ్ళీ స్స్‌స్స్... ఎవరో వాల్వు కొంచెం కొంచెంగా నొక్కుతున్నారు. కారే గాలికి ఆగడం తెలియదు. ఆగేది మనిషే.

"ఎవరది?"

చీకట్లో చేయి చాచాను. హ్యాండిల్ తగిలింది. సీటు తగిలింది. ఇంకా కిందికి చాచలేదు... భయమేసింది. చిరుతపులిని పంపుతో తరిమినవాణ్ణి, ఆ మాట మీరు వినే ఉంటారు. ఇప్పుడు అదే పంపుని రెండు చేతులా గుండెకి హత్తుకున్నాను.

అప్పుడొచ్చింది వాసన. పిప్పరమెంటు.

నా మోకాలి పక్కన, నేలకి జానెడు ఎత్తులో, నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడుతున్నట్టు...

"గట్టిగా ఉంది నాన్నా."

నేను నేల మీద కూలబడ్డాను. నోటి దాకా వచ్చింది మింగాను. మళ్ళీ వచ్చింది. ఈసారి మింగలేదు.

"నా వేలికి తెలియడం లేదమ్మా. మూడేళ్ళుగా తెలియడం లేదు. నీకు కొట్టింది ముప్ఫై ఐదు కాదు... అరవై ఒకటి."

స్స్‌స్స్... చాలా మెల్లగా. తరవాత ఆగిపోయింది.

"తెలుసు నాన్నా."

కరెంటు వచ్చింది. చక్రం దగ్గర ఎవరూ లేరు. మేడ మెట్ల మీద అల్లుడు నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. అతను నా మాటలు విన్నాడు. ఇంకెవరి మాటలు విన్నాడో నేను అడగలేదు.

మెట్లు దిగి, వెనక గదిలోకి వెళ్ళి గేజి తెచ్చి వాల్వుకి పెట్టాడు. ఇరవై ఎనిమిది. ఆ టైరుకి, ఆ మనిషి బరువుకి, ఆ రాళ్ళకి వెంట్రుకవాసి తేడా లేకుండా ఎంతుండాలో అంత. నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు కూడా అంత కచ్చితంగా పెట్టలేకపోయేవాణ్ణేమో.

అల్లుడు నా పక్కనే నేల మీద కూర్చున్నాడు. కొడతాడేమో, కొడితే బాగుండు అనుకున్నాను. తల వంచుకుని మెల్లగా చెప్పాడు.

"మీ వేళ్ళ సంగతి తనకి తెలుసు మామయ్యా. నాకూ చెప్పింది. మీకు తెలిసినట్టు కనపడొద్దంది. కొండ మీద చెక్‌పోస్టు దగ్గర ఆగి, మీరు చూడని చోట చక్రంలో గాలి తగ్గించుకుంటానంది."

"ఆగిందా?"

"ఆగలేదు. అప్పటికి రెండో స్థానంలో ఉంది. మొదటామె కనపడుతోందట."

పదిమందిలో నా పరువు కాపాడాలని అరవై ఒక్క పాయింట్ల మీద నూట ఎనభై కిలోమీటర్లు తొక్కింది నా కూతురు. నేను తొక్కిన పందేలన్నీ కలిపినా ఆ దూరం రాదు. ఈ ఒక్క మాటలో మాత్రం అతిశయోక్తి లేదు.

ఎర్ర మూత కోసం అల్లుడూ నేనూ కలిసి షాపంతా ఊడ్చాం. దొరకలేదు. మర్నాడు తెల్లవారి అల్లుడు మూత లేని వాల్వుతోనే బయలుదేరాడు. బయలుదేరే చోట గేజి నా చేతికిచ్చాడు. పదిమంది ముందు పెట్టాను. అంకె చదివాను. ఎవరూ నవ్వలేదు.

అల్లుడు పందెం పూర్తి చేశాడు. నూట పన్నెండోవాడిగా వచ్చాడు. మోకాళ్ళు దోక్కుపోయాయి, మనిషి క్షేమం. గీత దాటాక నన్ను పక్కకి పిలిచి, గుప్పిట తెరిచాడు. ఎర్ర మూత. దాని మీద పళ్ళ గాట్లు. ఇంకా తడి ఆరలేదు.

కొండ మీద చెక్‌పోస్టులో ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు ఉన్నారు. ఆయన ఆ పనికి రావడం ఈ ఏడే మొదలు. మమ్మల్ని ఎరగడు, అమ్మాయిని అసలే ఎరగడు. అల్లుడు ఆగి గేజి చూసుకుంటుంటే ఆయనే దగ్గరికొచ్చి మూత చేతిలో పెట్టాడట. పొద్దుటి నుంచీ ఒకమ్మాయి ఆ రాతి పక్కన ముందు చక్రం పెట్టుకుని కూర్చుంది, గాలి తీస్తోంది, కొడుతోంది, దిగమంటే దిగడం లేదు అన్నాడట. మూత వాళ్ళ నాన్నకి ఇమ్మందట. నాన్న వచ్చి నొక్కి చూస్తేగాని కిందికి దిగనందట.

రాయి పక్కకి వెళ్ళి చూస్తే ఎవరూ లేరన్నాడు అల్లుడు. కంకరలో ఒకే ఒక్క సన్న టైరు గుర్తుందట. రాతి దాకా వచ్చిన గుర్తే, అక్కణ్ణుంచి ఎటూ వెళ్ళిన గుర్తు లేదట.

వచ్చే ఏటి పందేనికి నా పేరు రాయించాను. డెబ్బై మూడేళ్ళకి నూట ఎనభై కిలోమీటర్లు ఎక్కగలవా అని నవ్వేవాళ్ళు నవ్వండి. ఎక్కి తీరాలి. అక్కడ ఒకరు కూర్చుని ఉన్నారు. ఈ మధ్య సాయంత్రం షట్టరు దించగానే షాపులో ఏదో ఒక చక్రం స్స్‌మంటోంది, తొందర చేస్తున్నట్టు.

నమ్మకపోతే వెళ్ళి ఆ డ్రిల్లు మాస్టారినే అడగండి. ఆ అమ్మాయి ఇంకేం చెప్పమందో అల్లుడికి చెప్పలేదట. నాకే చెబుతాడట. ఆయన్ని అందరూ విజిల్ మాస్టారు అంటారు.