చప్పుడు ఆపిన చెయ్యి

కాలేజీ నుంచి వచ్చిన ఉత్తరం బల్ల మీద విప్పి ఉంది. చుట్టూ తల్లి, తండ్రి, కూతురు అన్నం ముందు కూర్చుని ఉన్నారు. నలభై మూడేళ్ల వయసులో తల్లికి మెడికల్ ఇంజనీరింగ్ డిగ్రీలో సీటు వచ్చింది! ఆసుపత్రుల్లో రోగుల్ని కనిపెట్టుకుని ఉండే యంత్రాలను తయారు చేయడం, బాగు చేయడం నేర్పే నాలుగేళ్ల చదువు అది. పద్దెనిమిదేళ్లు డయాలసిస్ వార్డులో నర్సుగా పనిచేసి, ఉన్నట్టుండి ఉద్యోగం మానేసి ఇంటి పట్టున కూర్చున్న మనిషి ఇలాంటి పని చేస్తుందని ఆ ఇంట్లో ఎవరూ కలలో కూడా అనుకోలేదు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆమె భర్త ఉత్తరాన్ని మూడుసార్లు చదివి, అందులో ఒక అచ్చుతప్పు ఉందని మాత్రం చెప్పగలిగాడు.

కూతురు కంచం ముందు నుంచి లేచిపోయింది. ఆ చదువు చెప్పే కాలేజీ ఊరంతటికీ ఒక్కటే. అక్కడే, అదే శాఖలో, కూతురు అప్పటికే మూడో ఏడు చదువుతోంది. చిన్నప్పుడు కిచకిచమని ఒకటే వాగుడు వాగేదని ఇంట్లో పిచ్చుక అని పిలిచేవారు. ఆ వాగుడు ఎప్పుడో ఆగిపోయింది గానీ పేరు మిగిలిపోయింది.

తల్లి చేతులు తుడుచుకుంటూ వెనకే వెళ్లింది. పిచ్చుక కిటికీ వైపు తిరిగి నిలబడి ఉంది.

“నువ్వు చదువుకో అమ్మా, వద్దనను. కానీ చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే నువ్వు వార్డులో ఉండేదానివి. బళ్లో నా ఆటలు చూడ్డానికి నాన్న ఒక్కడే వచ్చేవాడు. ఇన్నాళ్లకి నాకంటూ ఒక చోటు దొరికితే... ఇప్పుడు అక్కడికీ వస్తున్నావు.”

ఏం చెప్పాలి ఆ పిల్లకి? చెప్పాల్సింది ఒకటుంది. ఎవరికీ చెప్పనిది, గొంతులో ముల్లులా ఇరుక్కుపోయినది. అది చెప్పలేకే ఆమె తల వంచుకుంది. అక్కడ నేను నీ కూతుర్నని ఎవరికీ తెలియకూడదు అని పిచ్చుక అడిగితే, సరేనమ్మా అని మాట ఇచ్చేసింది.

ఆ మాటను ఆమె ఎంత నిష్ఠగా నిలబెట్టుకుందో! కూతురు ఎక్కే బస్సుకు ముందు బస్సు ఎక్కేది. కూతురు మెట్లు దిగుతుంటే తాను గోడవైపు తిరిగి నోటీసు బోర్డు చదువుతున్నట్టు నిలబడేది. తరగతిలో అందరూ తన బిడ్డకన్నా చిన్నవాళ్లే. మర్యాదగానే ఉండేవారు, సిస్టరమ్మా అని పిలిచేవారు. కానీ ఆ మర్యాదే అడ్డుగోడ అయింది. ఆమె రాగానే నవ్వులు సర్దుకునేవి. ల్యాబులో ముగ్గురేసి చొప్పున జట్లు కట్టమంటే ప్రతిసారీ లెక్కకు మిగిలిపోయేది ఆమే. మధ్యాహ్నం వర్క్‌షాపు వెనక, పాడైన గుండె పరీక్ష యంత్రాలు, అద్దాలు పగిలిన ఇంక్యుబేటర్లు పేర్చిన వరండాలో కూర్చుని డబ్బా విప్పుకునేది. ఎలుగెత్తి ఏడవడానికి కూడా అంతకంటే అనువైన చోటు ఉండదు. అయినా ఆమె ఏడవలేదు. ముద్దకీ ముద్దకీ మధ్య సర్క్యూట్ల బొమ్మలు చూసుకునేది.

లెక్కలు మాత్రం కొరకరాని కొయ్య అయ్యాయి. ఇరవై అయిదేళ్ల కిందట వదిలేసిన లెక్కలు! పుస్తకం పట్టుకుని కూతురి గది గుమ్మం దాకా వెళ్లేది. అడిగితే అయిదు నిమిషాల్లో చెప్పేసే పిల్ల. పిచ్చుక తల ఎత్తి చూసేది. “మంచినీళ్లు కావాలా అమ్మా?” అని అడిగి వెనక్కి వచ్చేసేది తల్లి. భర్త పాపం తనకు చేతనైన సాయం చేసేవాడు. ఆమె రికార్డు పుస్తకాల్లో ఒక్క ముక్క అర్థం కాకపోయినా, తప్పులన్నీ ఎర్రసిరాతో దిద్దిపెట్టేవాడు.

ఒకరోజు మెట్ల మీద కాలు జారి పడింది. పుస్తకాలన్నీ చెల్లాచెదురయ్యాయి. సరిగ్గా అప్పుడే పిచ్చుక స్నేహితురాళ్లతో ఎదురొచ్చింది. అర అడుగు ముందుకు వేసి... ఆగిపోయింది. స్నేహితురాలే వంగి పుస్తకాలు ఏరి ఇచ్చింది. చల్లగా ఉండు తల్లీ అని ఆమె ఆ పరాయి పిల్లను దీవించి, కుంటుకుంటూ క్లాసుకు వెళ్లింది. ఆ సాయంత్రం కట్టు కట్టుకుంటుంటే దెబ్బ ఎక్కడ తగిలిందని భర్త అడిగాడు. కూతురు అడగలేదు. వేడినీళ్ల గిన్నె మాత్రం తెచ్చి పక్కన పెట్టి వెళ్లింది.

తల్లి రెండో ఏడుకు, కూతురు ఆఖరి ఏడుకు వచ్చారు. ఆఖరి ఏడువాళ్లు తాము తయారు చేసిన పరికరాలను పెద్ద హాల్లో అందరి ముందూ చూపించాలి. పిచ్చుక చేసింది డయాలసిస్ రోగుల కోసం ఒక అలారం. మూత్రపిండాలు చెడినవాళ్ల రక్తాన్ని చేతిలో గుచ్చిన సూది గుండా తీసి, యంత్రంలో శుభ్రం చేసి, ఇంకో సూది గుండా తిరిగి ఎక్కిస్తారు. ఆ రెండో సూది ఊడితే రక్తం పక్క మీదికి కారిపోతుంది. చేతికి కట్టిన పట్టీ తడవగానే అలారం మోగుతుంది. పిచ్చుక ఒక ప్లాస్టిక్ బొమ్మ చేతికి ఆ పట్టీ కట్టి, దాని మీద ఎర్రనీళ్లు చల్లింది. అలారం గట్టిగా మోగింది. యంత్రం మీది మీట నొక్కితే ఆగింది. హాలంతా చప్పట్లు. వెనక వరసలో తల్లి చేతులు మాత్రం కదల్లేదు. పద్దెనిమిదేళ్లు ఆ పనే చేసిన మనిషి ఇంట్లో ఉండగా, బిడ్డ ఒక్కనాడూ తనను ఏమీ అడగలేదు...

రోగికి చెమట పట్టి పట్టీ తడిస్తే ఏం చేస్తావని, మార్కులు వేసే మేడం అడిగారు. పిచ్చుక ఏదో సర్దిచెప్పబోయింది. మేడం వినకుండా వెనక వరసలో ఉన్న తల్లి వైపు తిరిగారు. ఆవిడకు వీళ్లిద్దరి చుట్టరికం తెలియదు.

“మీరు ఆ వార్డులో పనిచేశారు కదా. ఇది మీకిస్తే వాడతారా?”

ఆమె లేచి నిలబడింది. ఆ కాలేజీలో కూతురు తన కళ్లలోకి చూడడం అదే మొదటిసారి. ఆ చూపు బతిమాలుతోంది. వాడతాను అనే ఒక్క ముక్క చాలు. ఆ ముక్కే నాలుక మీదికి వచ్చింది. దాని వెనకే ఒక మంచం, ఒక దుప్పటి కళ్ల ముందుకు వచ్చాయి.

“మొదటిరోజు వాడతాను మేడం. నాలుగో రోజుకి పీకి పక్కన పెట్టేస్తాను.”

ఆమె నెమ్మదిగా చెప్పుకుపోయింది. రోగులు నాలుగు గంటలు దుప్పటి కప్పుకుని పడుకుంటారు, చెమట పట్టక మానదు. ఒక్క నర్సుకి ఆరు మంచాలు. యంత్రాలు పొద్దస్తమానం ఏదో ఒకదానికి మోగుతూనే ఉంటాయి. ప్రతిసారీ పరిగెత్తి చూస్తే మిగిలిన అయిదుగురి గతి ఏమిటి? కొన్నాళ్లకు చెయ్యి దానంతటదే వెళ్లి మీట నొక్కేస్తుంది.

“నేనూ అలాగే నొక్కాను,” అంది.

గొడుగులు బాగుచేసే పెద్దాయన. మూడేళ్లు వారానికి మూడుసార్లు వచ్చి, కిటికీ పక్క మంచం మీదే పడుకునేవాడు. ఆరోజు ఆయన యంత్రం మోగినప్పుడు ఆమె పక్క మంచం మనిషికి సూది గుచ్చుతోంది. తల తిప్పకుండా చెయ్యి చాపి నొక్కేసింది. పడుకో బాబాయ్, ఏం లేదు అని కూడా అంది. సూది ఊడి రక్తం ఒత్తిడి పడిపోయిందని మోగిన ఆ యంత్రం, మీట నొక్కగానే ఆ పడిపోయిన ఒత్తిడినే సరైన ఒత్తిడి అనుకుని నోరు మూసుకుంది. ఆమె తిరిగి చూసేసరికి మంచం కింద నేలంతా ఎర్రగా ఉంది. ఎంతమంది పరిగెత్తుకొచ్చినా ఆయన దక్కలేదు.

“విచారణలో యంత్రం లోపమని రాశారు. నన్నెవరూ అడగలేదు. నేనూ నోరు విప్పలేదు. అందుకే ఉద్యోగం మానేశాను, అందుకే ఇక్కడికొచ్చాను.” కూతురి వైపు తిరిగింది. మాట ఇచ్చింది కదా, కన్నబిడ్డని పరాయిదానిలా మీరు అని పిలిచింది. “చప్పుడు ఆపే మీట యంత్రం మీద పెట్టకండి. ఆ చేతి పట్టీ మీదే పెట్టండి. ఆపాలంటే దుప్పటి తీయాల్సిందే. తీస్తే సూది కనిపిస్తుంది.”

మేడం రెండు నెలల గడువు ఇచ్చి, పరికరాన్ని మళ్లీ చేసి తెమ్మన్నారు. పిచ్చుక ఆ ప్లాస్టిక్ చేతిని చంకన పెట్టుకుని, తల్లి పక్కనుంచే బయటికి వెళ్లిపోయింది.

ఇంటి దగ్గర భర్తకు అంతా చెప్పింది. ఇన్నాళ్లూ పక్కనే ఉన్నాను కదా, నాకు చెప్తే ఏమనేవాణ్ణని ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. “మీరేమీ అనరనే చెప్పలేదండీ. మీరు మన్నించేస్తే అదే చాలనుకుని ఊరుకుంటానేమోనని భయమేసింది,” అందామె. పదకొండు రోజులు ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. తరగతిలో కూడా ఆమె పక్క కుర్చీలు రెండు ఖాళీ అయ్యాయి. అందులో వాళ్ల తప్పేముంది? తానే తనకు దూరంగా జరిగి కూర్చున్న మనిషి కదా!

పన్నెండో రోజు పొద్దున్న పిచ్చుక వంటింటి గుమ్మంలో నిలబడింది.

“ఆ వార్డు నాకు చూపిస్తావా?”

“నేను అక్కడ అడుగుపెట్టి రెండున్నరేళ్లయిందే.”

“నేనుంటాను కదా.”

వార్డు తలుపు దగ్గర పాత హెడ్ సిస్టర్ ఆమెను గట్టిగా కౌగిలించుకుంది. వెంట వచ్చిన అమ్మాయి ఎవరని అడిగింది. తల్లి అలవాటుగా, మా కాలేజీ సీనియర్ అనేసింది. పిచ్చుక ముందుకు వచ్చింది.

“కూతుర్నండీ. కాలేజీలో మా అమ్మ నాకు జూనియర్.”

హెడ్ సిస్టర్ పకపకా నవ్వింది. తల్లి నవ్వలేకపోయింది.

కిటికీ పక్క మంచం మీద ఇప్పుడు ఎవరో నడివయసు మనిషి నిద్రపోతున్నాడు. తల్లి వెళ్లి, అతని చెయ్యి మీది దుప్పటిని మెల్లగా పక్కకు జరిపి వచ్చింది. పిచ్చుక ఒక మూల స్టూలు వేసుకుని, మోగిన ప్రతి అలారాన్నీ పుస్తకంలో రాసుకుంటూ కూర్చుంది. మధ్యాహ్నానికి అరవై ఒకటి. అందులో నర్సులు తల తిప్పకుండా నొక్కేసినవి నలభైకి పైనే. వాళ్లు నిర్లక్ష్యపు మనుషులు కాదు. ఒకరు రోగికి నీళ్లు తాగిస్తున్నారు, ఒకరు రక్తపోటు చూస్తున్నారు, ఒకరు పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా కూర్చోలేదు.

బయటికి వచ్చాక ఇద్దరూ ఆసుపత్రి అరుగు మీద కూర్చున్నారు. పిచ్చుక పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది.

“అమ్మా, నేనైనా నొక్కేసేదాన్నే.”

ఆ మాటతో పోయిన మనిషి తిరిగి రాడు, చేసిన తప్పు చెరిగిపోదు. అయినా రెండున్నరేళ్లుగా ఒంటరిగా మోస్తున్న బరువుకి ఇంకో భుజం తగిలినట్టయింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, బిడ్డ పక్కన, తనివితీరా ఏడ్చింది. కూతురు ఊరుకోమని అనలేదు. వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

ఏడుపు సద్దుమణిగాక తల్లి మొహం తుడుచుకుంది. “ఆ పెద్దాయన భార్య ఇంకా ఆ ఇంట్లోనే ఉందట, హెడ్ సిస్టర్ చెప్పింది. రేపు వెళ్తాను. యంత్రం తప్పు కాదని చెప్పాలి.”

“నేనూ వస్తాను.”

“వద్దమ్మా. ఆ గడప నేనొక్కదాన్నే తొక్కాలి. ఆవిడ తలుపు మొహాన వేసినా సరే.”

“అయితే వీధి చివర నిలబడతాను,” అంది పిచ్చుక.

తల్లి ఆ మాటకు మాత్రం వద్దనలేదు.