ధ్రువీకరించని బంధువులు

"పొద్దున్నే కోసిన వంకాయలమ్మా," అన్నాడు బండి దగ్గరి మనిషి.

అతని కాలరుకున్న రుజువుపట్టీ వెంటనే, "అనధికారికం," అంది.

"దాని మాటకేటి! నేనే కోసినాను."

"అనధికారికం," అంది పట్టీ మళ్ళీ, అదే గొంతుతో.

అలివేణి ఒక కాయ ముచ్చిక పట్టుకుని చూసింది. పచ్చగా, ముల్లు గుచ్చుకునేలా ఉంది. అరకిలో తూయించుకుని ఆఫీసుకు బయలుదేరింది.

రుజువుపట్టీలు వచ్చి పదకొండేళ్ళయింది. ఆకలి, కోపం లాంటి వాటిని అవి పట్టించుకోవు. జరిగిన సంగతి గానీ, బంధుత్వం గానీ ఎవరైనా నోట చెబితే మాత్రం మహాసూచిక అనే ప్రభుత్వ యంత్రంలోని రికార్డులతో పోల్చి చూస్తాయి. రికార్డు ఉంటే మౌనంగా ఉంటాయి, లేకపోతే ఒక మాట పలుకుతాయి. మొదట్లో "రుజువు లేదు" అన్న ఒక్క మాటే పలికేవి. అత్తగారు తన పుట్టింట్లో ఆరు గేదెలుండేవన్నా రుజువు లేదు, దొంగ తాను గొలుసు తీయలేదన్నా రుజువు లేదు. ఇద్దరికీ ఒకే మాట తగిలించేసరికి ఇళ్ళల్లో రభస అయింది. అప్పుడు ప్రభుత్వం పదనిర్ణయ శాఖ పెట్టింది. తెలుగు ఎం.ఏ. చదివి పదేళ్ళు ఇంటిపట్టున ఉన్న అలివేణికి అలా ఉద్యోగం వచ్చింది.

వాడుక నియమాలు రాసింది ఆమే. తెలిసినవాళ్ళు చెబుతున్నా రికార్డుకెక్కనిది 'అనధికారికం'. ఒకరి నోటినుంచి మరొకరికి చేరింది 'వినికిడి'. ఇంకా తేలవలసి ఉన్నది 'ధ్రువీకరించనిది'. రికార్డే ఎదురు చెబుతుంటే 'నిరాధారం'. "అన్నీ ఒకటేగా," అన్నాడు భర్త ఒకసారి, అన్నం కలుపుకుంటూ. "ఒకటే అయితే ఇన్ని మాటలు ఎందుకు పుట్టాయి?" అంది ఆమె.

ఆ తరువాత తలుపులు కూడా ఈ మాటలు నేర్చుకున్నాయి. ఆస్పత్రి వార్డు తలుపు ముందు రోగికి ఏమవుతారో చెప్పాలి. పట్టీ మౌనంగా ఉంటే ఎంతసేపైనా లోపల ఉండవచ్చు. 'ధ్రువీకరించనిది' అంటే గంటకొకసారి పది నిమిషాలు. మిగతా ఏ మాట వినిపించినా తలుపు తెరుచుకోదు.

ఆ రోజు ఆఫీసులో అలివేణి కోసం ఎదురుచూస్తున్న మనిషి పేరు పోలమ్మ. డెబ్భై దాటిన మనిషి. తడి గుడ్డలో చుట్టిన చిన్న స్టీలు గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మా సింహాచలానికి మూడు గంటలకి గుండె ఆపరేషన్ తల్లీ. ఓడరేవులో క్రేను నడుపుతాడు. నాను కనిపించినాకే లోపలికెల్తానన్నాడు. తలుపు తియ్యనంటంది."

"అతను మీకేమవుతాడు?"

"నా పాలు తాగినోడు. బడిలో పెట్టిన తుఫాను శిబిరంలో ఆడి తల్లి పోయింది. నా కూతురికీ ఆడికీ కలిపి ఎనిమిది నెల్లు ఇచ్చినాను."

"నిరాధారం," అంది ఆమె పట్టీ.

పోలమ్మ కిందికి చూసి, "నిన్నట్నుంచీ ఇదే గోల," అంది. "దీనికో నోరూ, ఆ నోటికో మాటా!"

అలివేణికి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. 'అనధికారికం' కాక 'నిరాధారం' ఎందుకైంది? శిబిరం కాగితాలు తెరిపించి చూసింది. ముప్ఫై నాలుగేళ్ళ కిందటి పట్టికలో ఉంది: తల్లిలేని శిశువు సింహాచలం. ఆహారం: డబ్బా పాలు. నెలకు ఆరు డబ్బాలు. పక్కన ఎనిమిది వేలిముద్రలు.

"ఈ వేలిముద్రలు ఎవరివి?"

"నావే."

"అంటే డబ్బా పాలు తీసుకున్నారు."

"తీసుకోనా మరి? ఊరికినే ఇస్తంటే!"

"బాబుకి పట్టారా?"

పోలమ్మ కాసేపు గిన్నె మూత సర్దింది. "ముసిలోళ్ళు చాలామంది ఉండేవోరు తల్లీ ఆ బడిలో. ఇళ్ళు కొట్టుకుపోయి నెల్ల తరబడి అక్కడే. టీ నీళ్ళకని ఏడ్చేవోరు. నాకు పాలున్నాయి. పిల్లడికి నాను ఇచ్చి, ఆ పొడి టీలో ఏసీసినాను. గుమాస్తాకి చెప్తే డబ్బాలు ఆపేస్తాడని చెప్పలేదు. తప్పేనేటి?"

"నిరాధారం," అంది పట్టీ.

"నువ్వుండెహె!" అంది పోలమ్మ.

"ఆ టీ తాగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"అప్పటికే ముసిలోళ్ళమ్మా. ఇప్పుడెవరుంటారు?"

పదిన్నర దాటింది. సింహాచలం చెప్పినా లాభం లేదు. తాను పసివాడిగా ఉన్నప్పటి సంగతి అతనికి పోలమ్మ చెబితే తెలిసిందే కాబట్టి వినికిడి. అతని భార్యదీ వినికిడే. అలివేణి ఆ పట్టికను మళ్ళీ చదివింది. ఇంట్లో పప్పులో రాళ్ళు ఏరేటప్పుడు కూడా ఆమె రెండోసారి చూడకుండా చేట దించదు.

వేలిముద్రలు డబ్బాలు అందుకున్నందుకు. ఆ పాలు బిడ్డ తాగినట్టు ఎవరూ చూడలేదు, ఎవరూ ముద్ర వేయలేదు. గుమాస్తా ఊహించి 'ఆహారం' అని రాసుకున్నాడు. అలివేణి నిర్ణయం రాసింది: "వేలిముద్ర గానీ సంతకం గానీ అందుకున్నదానికే ఆధారం, ఆ తరువాత జరిగినదానికి కాదు. అందువల్ల డబ్బా పాల మాట, పోలమ్మ మాట రెండూ ఇంకా తేలవలసినవే. ధ్రువీకరించనిది."

"ఇంకోసారి చెప్పండి," అంది.

"నా పాలు తాగినోడు," అంది పోలమ్మ భయంభయంగా.

"ధ్రువీకరించనిది," అంది పట్టీ.

"ఇది మంచి మాటేనా?"

"పది నిమిషాల మాట. గంటకోసారి."

పోలమ్మ గిన్నె పట్టుకుని లేచింది. ఏటా ఆమె ఒక గిన్నెడు పాలు కాచి తీసుకెళ్తే అతను తాగి, ఆమెకు చీర పెడతాడట. "ఈయేళ తాగనివ్వరు. చూపిస్తానంతే," అని వెళ్ళిపోయింది.

ఒంటిగంటకు పైఅధికారి ఫోను చేశాడు. "ఏం రాశారండీ మీరు? మహాసూచిక మీ నియమాన్ని అన్నిటికీ పట్టించేసింది. పెళ్ళి దస్తావేజుకి సంతకమే కదా, జనన పత్రానికి సంతకమే కదా అంటోంది. ఎవరు ఎవరికి ఏమైనా, ఏమీ కాకపోయినా ఇంకా తేలవలసిందేనట. మా ఆవిడ ఇప్పుడు నాకు ధ్రువీకరించని భార్య! వెంటనే వెనక్కి తీసుకోండి."

"తప్పెక్కడుందో చూపించండి, తీసుకుంటాను."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "తప్పుందని నేననలేదు," అని ఫోను పెట్టేశాడు.

అలివేణికి కుదురు చిక్కలేదు. ఒక ముసలామెను లోపలికి పంపబోయి, హక్కున్నవాళ్ళందరినీ బయటికి గెంటినట్టయిందేమో. రెండు గంటలకు ఆస్పత్రికి వెళ్ళింది.

వార్డు బయట బెంచీ నిండా మనుషులున్నారు. చివర పోలమ్మ, పక్కన ఆమె భుజానికి ఆనుకుని ముప్ఫై ఏళ్ళామె. సింహాచలం భార్య నూకరత్నం.

"మీరేనామ్మా అది రాసింది?" అంది నూకరత్నం. "పొద్దుట దాకా నేనొక్కదాన్నే లోపల. ఈయన పైకప్పు చూస్తాడు, నేను ఈయన్ని చూస్తాను. కాళ్ళు పీక్కుపోయాయి. ఇప్పుడు నాకూ పది నిమిషాలే అన్నారు. ఏడ్చీసినాను."

"అందుకే వచ్చాను. నా వల్ల..."

"ఉండండి. నేను బయటికొస్తే కుర్చీ ఖాళీగా ఉంటాదని ఇదిగో, ఈ పోలమ్మత్త వెళ్ళింది. ఆ తరవాత క్రేను దగ్గర కలిసి పనిచేసే ఇద్దరు తమ్ముళ్ళమని చెప్పి ఎల్లినారు. కింద టీ అమ్మే ఆయన మావయ్యన్నాడు. పట్టీ అందరికీ అదే మాట అంది. లోపల నవ్వుతున్నాడమ్మా ఈయన."

తలుపు తెరుచుకుని ఓడరేవు బట్టల్లో ఒకతను బయటికొచ్చాడు. నూకరత్నం గోడ గడియారం చూసింది. రెండూ ఇరవై. అందరి వంతులూ అయిపోయాయి. తన వంతు మళ్ళీ రావడానికి ఇంకా పది నిమిషాలు.

"ఈ పది నిమిషాలకీ ఎవరూ లేరు," అంది. "మీరు ఆయనకేమవుతారండీ?"

"నేనా? నేను ఏమీ కాను," అంది అలివేణి.

"ధ్రువీకరించనిది," అంది ఆమె పట్టీ.

వార్డు తలుపు మెల్లగా తెరుచుకుంది. అలివేణి కదలలేదు. పోలమ్మ ఆమె చేతిలోంచి వంకాయల సంచీ అందుకుని తన గిన్నె పక్కన పెట్టుకుంది.

"ఎల్లు తల్లీ. మూసుకుపోద్ది."

లోపల మంచం పక్కన కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది.