రెండూ పదికి వెలిగే లైటు

మా భవనం అడుగున ఒక సర్వర్ల గది ఉంది. దానికి చెడ్డపేరు. పగలు అందరూ ఆ సంగతి చెప్పుకుని నవ్వుతారు. రాత్రి రెండు దాటాక మాత్రం ఒక్కరూ చివరి వరుస వైపు పోరు.

అది బట్టల కంపెనీ. నలభై దేశాల్లో దుకాణాలు. ఎక్కడ ఎవరు చొక్కా కొన్నా ఆ బిల్లు ఈ గదిలోని లినక్స్ సర్వర్ల మీదుగా పోవాల్సిందే. బీరువాలంత ఇనుప అరలు, ఆరు వరుసలు. మినుకుమినుకుమనే పచ్చటి దీపాలు. ఎముకలు కొరికే చలి. యంత్రాల హోరు.

ఆ గదిలో లైట్లు మనిషి కదిలితే వెలుగుతాయి. కదలకపోతే ఆరిపోతాయి. కానీ చివరి వరుసలో లైటు — ఎవరూ లేకపోయినా — రోజూ రాత్రి రెండూ పదికి వెలుగుతుంది. కాసేపు ఉండి... ఆరిపోతుంది.

"పెద్దాయన డ్యూటీకొచ్చాడు," అంటాడు గేటు దగ్గర సెక్యూరిటీ మామ. "బతికుండగా ఒక్కరోజు సెలవు పెట్టలేదు. పోయాక పెడతాడా?"

పెద్దాయన అంటే ఆ సర్వర్లన్నిటినీ చూసుకున్న మనిషి. రెండేళ్ల కింద ఉద్యోగంలోంచి తీసేశారు. మూడు నెలలకు గుండె ఆగి పోయాడు.

ఎందుకు తీసేశారంటే — సర్వర్లలో అప్పుడప్పుడు కంతలు బయటపడతాయట. వాటిని పూడ్చడానికి ప్యాచ్ వేస్తారు. వేయకపోతే ఆ కంతలోంచి దొంగ దూరతాడు. ఒక ప్యాచ్ వేయకుండానే వేసినట్టు రికార్డయింది. పెద్దాయన లాగిన్‌తో. రాత్రి రెండూ పదికి. నెల తిరక్కుండా దొంగ దూరాడు. ఒక రోజంతా అన్ని దేశాల్లో బిల్లింగ్ ఆగింది. లక్షలమంది ఖాతాదార్ల చిరునామాలు పోయాయి.

ఆ రాత్రి గదిలో ఎవరున్నారో చూద్దామంటే, తలుపు దగ్గరి రిజిస్టరులో ఆ రోజు పేజీ లేదు. చించేసి ఉంది.

"చించినవాడే చేసినవాడు," అన్నారు పైవాళ్లు.

పెద్దాయన నోరు విప్పలేదు.

నేను ఆ భవనంలో ఏసీలు చూసే మెకానిక్‌ని. చదువు పదో తరగతితో ఆగింది. దెయ్యాలున్నాయని నేను నమ్మను. చేసిన తప్పు ఎక్కడికీ పోదని నమ్ముతాను. ఇరవై రెండేళ్లలో ఒక్కరోజు ఆలస్యంగా రాలేదు. కంపెనీ ఇనుప మేకు ఒక్కటైనా ఇంటికి పట్టుకెళ్లలేదు. అందుకేనేమో, మొన్న రాత్రి ఆ తమ్ముడు నాకే ఫోన్ చేశాడు.

నేను తమ్ముడూ అని పిలిచే ఆ కుర్రాడు పెద్దాయన దగ్గర పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు ఆయన కుర్చీలోనే కూర్చుంటున్నాడు.

"అన్నా... ఒకసారి కిందికి రా."

"ఏసీ పోయిందా?"

"పోలేదు. నువ్వు రా."

వెళ్లాను. తలుపు పక్కనే గోడకు ఆనుకుని ఉన్నాడు. గడియారం రెండు గంటలు చూపిస్తోంది. ప్యాచ్‌లు వేయాల్సిన రాత్రి. తెర మీద పని సగంలో వదిలేశాడు.

"ఉద్యోగానికొచ్చిన అర్జీల్లో ఆయన కూతురిది ఉందన్నా," అన్నాడు నా చెవిలో. "మా పనికే. పరీక్ష అందరికంటే బాగా రాసింది. మేనేజరు ఇంటిపేరు చూసి, 'ఆయన కూతురా? వద్దులే' అన్నాడు. అని నా వైపు చూశాడు. నేను..."

"ఏమన్నావు?"

"తలూపాను."

"మెడ నొప్పెట్టలేదా?"

తలదించుకున్నాడు. "రేపు పదింటికి జాబితా వెళ్లిపోతుంది. తన పేరు లేకుండానే..." అని ఆగాడు. "ఆ ప్యాచ్ వేయాల్సింది నేనన్నా. ఆయన కాదు."

నేను అతని వైపు తిరిగాను.

"ఆ రోజు వాళ్లావిడకి ఆపరేషన్. ఆయన ఆస్పత్రిలో ఉన్నాడు. పని ఆగకూడదని ఫోన్లో తన పాస్‌వర్డ్ చెప్పాడు. నేను మ్యాచ్ చూస్తూ కూర్చున్నా. రేపు వేద్దాంలే అనుకుని... వేసినట్టు రాసేశా. ఆయన పేరుతో."

"విచారణలో ఎందుకు చెప్పలేదు?"

"అప్పుడు నా భార్యకు నెలలు నిండాయి. పేజీ లేదన్నారు. దేవుడే దాచాడనుకున్నా. రుజువు లేకే ఆయన మాట్లాడలేదనుకున్నా..."

నాకు ఒళ్లు మండింది. "తప్పు చేయడం ఒకటి. దాన్ని ఇంకో మనిషి మెడకు కట్టి, అతని కుర్చీలో రెండేళ్లు కూర్చోవడం ఇంకొకటి. నీకంటే ఆ దొంగ నయం. వాడు దొంగనని తెలిసే దూరాడు. ఇప్పుడు ఆ పిల్ల నోటి దగ్గర కూడు కూడా లాక్కుంటావా?"

ఇంకా అనేవాణ్ణే. ఇంతలో అతను నా చెయ్యి పట్టుకున్నాడు.

చివరి వరుసలో... లైటు వెలిగింది.

గోడ గడియారం చూశాను. రెండూ పది.

"వచ్చాడన్నా."

"పద," అన్నాను.

"నేను రాను."

"తప్పు చేయడానికి ఒక్కడివే వచ్చావు. చూడ్డానికి తోడు కావాలా? పద."

మొదటి వరుస దాటాం. రెండోది. మూడోది. మా తల మీద లైట్లు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి, వెనక ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. అయిదో వరుస చివర ఆగి తొంగిచూశాను.

అరకీ గోడకీ మధ్య సందులో... ఒక చెయ్యి.

నల్లటి చెయ్యి. మెల్లగా పైకి లేచి, పడుతోంది. లేచి, పడుతోంది. రమ్మని పిలిచినట్టు.

తమ్ముడు అక్కడే కూలబడ్డాడు. నేను అడుగు ముందుకేశాను. పట్టుకున్నాను.

ఉన్ని.

అది కోటు. తీగలు తగిలించే కొక్కేనికి వేలాడుతోంది. దాని ఎదురుగా ఏసీ గాలి వదిలే నోరు. అప్పుడర్థమైంది. ఆ గదికి రెండు ఏసీలు, రెంటి గాలీ ఈ నోట్లోంచే. ఒక రోజు ఒకటి, మర్నాడు ఇంకొకటి. వంతు మారగానే కొత్తది కాసేపు గట్టిగా ఊదుతుంది. ఆ గాలికి కోటు చెయ్యి లేస్తుంది. చెయ్యి కదిలితే లైటు వెలుగుతుంది. వంతు మారే టైము రెండూ పది. అది పెట్టింది నేనే. రెండింటికి పెట్టొచ్చు, రెండున్నరకు పెట్టొచ్చు. రెండూ పదికే ఎందుకు పెట్టానో ఆ క్షణంలో నాకు తట్టలేదు.

"ఇదీ నీ దెయ్యం," అన్నాను.

అతను కోటు వైపే చూస్తున్నాడు. "అది... ఆయనదన్నా. పదేళ్ల సర్వీసుకి కంపెనీ ఇచ్చింది. వెళ్లిపోయే రోజు నా భుజం మీద వేసి, 'గది చలి. ఇది వేసుకో. బిడ్డ ఎప్పుడు?' అనడిగాడు. అంతే. ఇంకేమీ అనలేదు. నేను ఒక్కరోజూ వేసుకోలేకపోయా. కంటికి కనబడకూడదని ఇక్కడ..."

"వేసుకో."

"అన్నా..."

"ఆయన వేసుకోమన్నాడు కదా. వేసుకో."

కోటులో చేతులు దూర్చాడు. భుజాలు సర్దుకున్నాడు. అలవాటుగా చెయ్యి జేబులోకి పోయింది. పోయి — అక్కడే ఆగిపోయింది. కాగితం చప్పుడు.

నాలుగు మడతల కాగితం. ఒక అంచు చిరిగి ఉంది.

రిజిస్టరు పేజీ.

"నా సంతకం," అన్నాడు. "లోపలికి ఒంటిగంటకి, బయటికి మూడింటికి. రుజువు ఆయన దగ్గరే ఉందన్నా. నాకోసమే చించాడు. చించి నాకే ఇచ్చేశాడు. ఒక్కసారి... ఒక్క రాత్రి ఈ కోటు వేసుకుని ఉంటే..."

చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను నిలబడి చూస్తున్నాను. ఏడవనీ, బుద్ధొస్తుంది అనుకుంటున్నాను.

అప్పుడు అతని ఏడుపు ఆగింది. పేజీ వైపు మళ్లీ చూశాడు. తర్వాత నా వైపు.

"అన్నా... కింద ఇంకో సంతకం ఉంది."

పేజీ నా వైపు తిప్పాడు.

"రెండూ పది. ఏసీ మెకానిక్. ఇది నీ సంతకమేగా?"

నాదే.

ఆ రాత్రి గది వేడెక్కిందంటే వచ్చాను. ఈ తమ్ముడు కాళ్లు చాపుకుని ఫోన్లో ఎవరితోనో అంటున్నాడు: "వేయకుండానే అయిపోయిందని కొట్టేశా. ఎవడు చూస్తాడు?" నేను విన్నాను. నెల తర్వాత పెద్దాయన్ని నిలబెట్టి అడుగుతున్నప్పుడు విచారణ గది బయటే నిచ్చెన మీదున్నాను. మెకానిక్‌ని ఎవరడుగుతారు? నా పని ఏసీలు, అనుకున్నాను. కింద రిజిస్టరులో ఆ పేజీ లేదని తెలిశాక... హాయిగా నిద్రపోయాను కూడా.

పెద్దాయన ఆ పేజీ చించేటప్పుడు నా సంతకం చూడకుండా ఉంటాడా? ఆ మూడు నెలలూ నేనొస్తానని ఎదురు చూశాడేమో.

తమ్ముడు కళ్లు తుడుచుకున్నాడు. ఒక్క మాట అనలేదు నన్ను. పేజీ నా చేతిలో పెట్టాడు.

"నేను నోటితో చెబుతా. ఇది నువ్వెప్పుడు తెస్తావో నీ ఇష్టమన్నా."

తెల్లారాక ఆ కోటుతోనే పై అంతస్తుకి వెళ్లాడు. అంతా చెప్పాడు. నా పేరు చెప్పలేదు. "ఆ పిల్ల మీద జాలితో అబద్ధమాడుతున్నావు," అన్నారట. "జాబితా ఒక్కరోజు ఆపుతాం. రుజువు తీసుకురా."

ఆ పగలంతా పేజీ నా చొక్కా జేబులోనే ఉంది. నాలుగు ఏసీలు బాగుచేశాను. పై అంతస్తుకి వెళ్లలేదు.

రాత్రి కిందికి దిగాను. చివరి వరుస సందులో కూర్చున్నాను. ఊపిరి కూడా మెల్లగా తీస్తూ, కదలకుండా. తల మీద లైటు ఆరిపోయింది. కొక్కేనికి ఇప్పుడు ఏమీ లేదు.

రెండూ పది.

ఏసీ వంతు మారింది. గాలి వచ్చింది. కదలడానికి అక్కడేమీ లేదు...

లైటు వెలిగింది.

ఉత్త గాలి తగిలినా ఆ లైట్లు ఒక్కోసారి వెలుగుతాయి. నాకు తెలుసు. రెండు నిమిషాల్లో ఆరిపోతాయని కూడా తెలుసు. కూర్చున్నాను. అయిదు నిమిషాలు. పది. గాలి తగ్గింది. కనురెప్ప తప్ప నాలో ఏదీ కదలలేదు.

ఆరలేదు.

మూడయింది. నాలుగయింది. నా నీడ నా కాళ్ల దగ్గరే పడి ఉంది.

అయిదింటికి జేబులోంచి పేజీ తీశాను. మడత విప్పాను. నా సంతకం మీద వేలుపెట్టి చెప్పాను.

"పొద్దున తొమ్మిదింటికి తీసుకెళ్తాను పెద్దాయనా. నేనే ఇస్తాను."

అప్పుడు ఆరింది.