లోపలి నీలం

కత్తెర పడనే పడింది! పడ్డాక ఇక చేయగలిగిందేముంది? కుట్టుమిషన్ ముందు కూర్చున్న ఆ ఇల్లాలు ఒకసారి గుమ్మం వైపు చూసుకుంది. చేతిలో ఉన్నది ఎవరో కుట్టమని తెచ్చిచ్చిన గుడ్డ కాదు, సాక్షాత్తూ భర్త ఫ్యాక్టరీ చొక్కా! తెల్లవారితే పండుగ. ఏడేళ్ల కూతురు, నోటికి మూత పడదని అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల, వారం రోజులుగా ఒకటే పాట... "అమ్మా, కొత్త గౌను కుడుతున్నావు కదూ?" కుడతానని మాటిచ్చింది. మాటైతే ఇచ్చింది గానీ, ఇంట్లో జానెడు గుడ్డముక్క లేదు!

ఫ్యాక్టరీ మూతపడి ఎనిమిది నెలలైంది. అప్పటినుంచి ఆ వీధిలో కొత్త బట్ట కొన్నవాళ్లే లేరు. ఆమె దగ్గరికి వచ్చేవన్నీ వెలిసిపోయిన పాతవే. కుట్లన్నీ విప్పి, లోపలి వైపును బయటికి తిప్పి మళ్లీ కుట్టివ్వాలి. ఎండ తగలని ఆ వైపు రంగు ఇంకా కొత్తగానే ఉంటుంది మరి! వీధి వీధంతా తిరగేసిన బట్టల్లోనే దర్జాగా తిరుగుతోంది. కానీ ఈ ఒక్క చొక్కా జోలికి మాత్రం ఆమె ఏనాడూ పోలేదు. ఎలా పోతుంది? ప్రతి ఆదివారం ఆయన దాన్నీ, దాని జోడు ప్యాంటునీ తనే ఉతికి, తనే ఇస్త్రీ చేసి, బీరువాలో పెట్టుకుంటాడు. "ఎప్పుడు పిలుస్తారో ఏమో, సిద్ధంగా ఉండాలిగా!" అంటాడు. ఆ మాటకి ఆమె చిరునవ్వు నవ్వి ఊరుకుంటుంది.

"అమ్మాయ్... అది వాడి చొక్కా కదూ!"

గుమ్మంలో అత్తగారు! ఇల్లాలి చేతిలోంచి కత్తెర జారిపోయింది.

"అత్తయ్యా... నా చీరలన్నీ దాని బడిబట్టలకీ, మీ రవికలకీ అయిపోయాయి. ఇంక నేనేం కొయ్యను, చెప్పండి? పిల్ల మొహం చూడలేకపోతున్నాను..."

"వాడికేం చెబుతావే?"

"ఏమో అత్తయ్యా... ఏమీ తోచడం లేదు!"

అత్తగారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది! మెల్లగా వచ్చి పక్కన కూలబడి, విప్పిన కుట్లలోంచి దారపు పోగులు ఒక్కొక్కటే ఏరసాగింది.

కాలరు విప్పారు, చేతులు విప్పారు, జేబు విప్పారు. ఇక మిగిలింది ఛాతీ మీద తెల్లదారంతో కుట్టిన అంకె. ముప్పై ఏడు. ఫ్యాక్టరీలో ఆయన నంబరు! కాపురానికి వచ్చిన కొత్తలో, ఆమె తన చేత్తో ముచ్చటపడి ఒత్తుగా కుట్టిన అంకె. బ్లేడు దాని దగ్గరికి వెళ్లి ఆగిపోయింది. ఊరందరి కుట్లూ విప్పిన చెయ్యి, ఆ పూట ఎంతకీ కదల్లేదు. చివరికి అంకెను అలాగే లోపలికి తిప్పేసి, బయటికి కనబడే దారపు ముళ్లను దాచడానికి మిగిలిన ముక్కలతో చిన్న గుడ్డపువ్వు చేసి కుట్టేసింది.

ఆ ఇంట్లో పండుగంటే ఒక ఆట ఉంది. పొద్దున్నే అందరూ వరసగా కూర్చుని కళ్లు మూసుకుంటారు. నానమ్మ ఒక్కొక్కరి చేతిలో కొత్త బట్టలు పెడుతుంది. తడిమి చూసి రంగు చెప్పాలి! తడిమితే రంగు తెలుస్తుందా అని అడగకండి, వాళ్ల ఆట వాళ్లిష్టం. ఆయనైతే ఏటా ఒకటే మాట, "నీలం!" ఫ్యాక్టరీ బట్టల నీలమే ఒళ్లంతా పట్టేసిన మనిషికి ఇంకేం తోస్తుంది? ఏటా ఓడేవాడు, ఏటా ఇల్లంతా నవ్వేది.

ఈసారి పెట్టడానికి ఉన్నది ఒక్కటే. ఆయన కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు. పిచ్చుక కళ్లు గట్టిగా మూసుకుని చేతులు చాచింది.

"నాన్నలాగే చెప్తా... నీలం!"

కళ్లు తెరిచింది. నిజంగా నీలమే! ఎగిరి గంతేసి, గౌను వేసుకుని గిర్రున తిరిగింది. బయటివైపు బూడిదరంగుకి దిగిపోయిన ఆ బట్ట, లోపల ఇంత మెరుపు దాచుకుందని ఎవరనుకుంటారు?

"ఎక్కడిదీ బట్ట?" అన్నాడాయన.

"ఎవరో కుట్టించుకోగా మిగిలిందండీ..." అంటూ ఆమె మొహం తిప్పుకుంది.

"నాన్నా, ఇక్కడేదో గుచ్చుకుంటోంది!"

ఆయన గౌను మెడలోంచి వేళ్లు పెట్టి తడిమాడు. వేళ్లు ఆగిపోయాయి. మళ్లీ తడిమాడు.

"ముప్పై ఏడు," అన్నాడు నెమ్మదిగా.

ఇల్లాలు భోరుమంది. "ఏమండీ, నన్ను క్షమించండి! మీరింత ఆశగా దాచుకున్నదాన్ని నా చేతులతో ముక్కలు చేశాను!"

"ఆశా..." ఆయన నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "యంత్రాలన్నీ లారీలకెక్కించి తీసుకుపోయి మూడు నెలలైంది. గేటు దగ్గర నిలబడి నా కళ్లతో చూశాను. ఇంక పిలిచేదెవరు?"

"మరి ప్రతి ఆదివారం ఆ ఇస్త్రీ...?"

"నీ కోసమే! నేనది ఇస్త్రీ చేస్తున్నంతసేపూ నీ మొహం కాస్త తేటగా ఉండేది. అది కూడా లేకుండా చేయడానికి మనసొప్పలేదు."

"నేను మీ కోసం నవ్వేదాన్నండీ! ఆ ఫ్యాక్టరీ తెరుస్తారని నేనెప్పుడూ నమ్మలేదు!"

"ఇద్దరికిద్దరూ సరిపోయారు!" అంటూ అత్తగారు కొంగుతో కళ్లొత్తుకుంది.

"అబ్బా, గుచ్చుకుంటోందంటే!" పిచ్చుక గునిసింది.

ఇల్లాలు బ్లేడు అందుకోబోయింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "విప్పకు. ఈ రుమాలు లోపల వేసి కుట్టు, మెత్తగా ఉంటుంది." జేబులోంచి తన చేతిరుమాలు తీసిచ్చాడు. ఆమె కన్నీళ్లలో సూదిబెజ్జం కనబడక, అత్తగారు దారం ఎక్కించబోయింది. ఆవిడకీ కనబడలేదు. చివరికి పిచ్చుకే ఎక్కించింది.

"మరి నాన్న వంతో? నాన్నకేదీ?"

అత్తగారు లేచి లోపలికి వెళ్లింది. చొక్కా పోగా బీరువాలో మిగిలింది ఒక్కటే. దాన్ని మడతపెట్టి తెచ్చి కొడుకు ముందు నిలబడింది.

"కళ్లు మూసుకోరా నాయనా."

మూసుకున్నాడు. చేతుల్లోకి వచ్చినదాన్ని తడిమాడు. పదేళ్లు ఫ్యాక్టరీకి తొడుక్కున్న ప్యాంటు. ఇస్త్రీ మడత ఇంకా గట్టిగానే ఉంది.

"రంగు చెప్పు నాన్నా!"

"నీలం," అన్నాడు.

"నాన్న గెలిచాడు! మొదటిసారి గెలిచాడు!" పిచ్చుక చప్పట్లు కొట్టింది. మూసుకున్న ఆయన కళ్లు చాలాసేపటి వరకూ తెరుచుకోలేదు. తెరిచాక, మూల పడి ఉన్న వీధివాళ్ల పాతబట్టల గుట్టకేసి చూసి, భార్య వైపు చెయ్యి చాచాడు.

"ఆ బ్లేడు ఇటియ్యి. విప్పడం ఎక్కడ మొదలుపెట్టాలో చూపించు."

ఆమె పక్కన కూర్చుని, ప్యాంటు నడుము దగ్గర మొదటి కుట్టు చూపించింది.