రత్నక్క గోడ

సంగారెడ్డి పాత బజారులో మా పప్పు దినుసుల దుకాణం వెనకాలే మా ఇల్లు. ముందు షట్టరు, దాని వెనుక పొడుగాటి నడిమి గది, ఆ తర్వాత వంటిల్లు. రెండు పక్కలా పక్కవాళ్లతో ఉమ్మడి గోడలు. కిటికీలకు తావు లేదు. వంటింట్లోకి ఎండ రావాలంటే పొద్దున పదకొండు దాటాలి. నలభై ఒక్క ఏళ్లుగా ఆ చీకట్లోనే పోపు పెట్టాను. నాకు అలవాటైపోయింది.

కోడలు భవ్యశ్రీకి కాలేదు. ఆ పిల్లది తప్పని ఎప్పుడూ అనలేదు నేను. పటాన్‌చెరు దిక్కు మందుల కంపెనీలో ఉద్యోగం. పొద్దున్నే బస్సెక్కి పోయి, చీకటి పడే వేళకు వచ్చేది.

"అత్తమ్మా, తెల్లాపూర్ల మా దోస్తు ఫ్లాటు చూడాలె నువ్వు. వంట చేసుకుంటనే పిల్లతోటి మాట్లాడుతది. మన ఇంట్ల నేను కుక్కర్ తోటి ముచ్చట పెట్టుకోవాలె" అనేది.

మా అబ్బాయి విఘ్నేశ్వర్ నవ్వేవాడు. "అడ్డం గోడ తీసేస్తే నీ పోపుకు దుకాణంల గిరాకీ అంత తుమ్మి సస్తరు."

"తుమ్మనీ. నీ మిరపకాయలు అసలువే అని తెలుస్తది."

మనవరాలు వర్షకు ఆరేళ్లు. తల్లి ఏమన్నా పకపకా నవ్వేది. భవ్యకు కుంకుమ పడదు, నుదురంతా దద్దురు లేస్తుంది. అందుకని మెరూన్ రంగు బొట్టు బిళ్ళలు పెట్టుకునేది. తీసిన బిళ్ళను చెయ్యి ఎక్కడుంటే అక్కడ అంటించేది. అద్దం మీద, ఫ్రిజ్ మీద, నా మందుల డబ్బా మీద. నేను వెనకాలే తిరుగుతూ గోటితో గీకి తీసేదాన్ని.

ఇల్లంతా కొత్తగా చేయించాలని పోయిన ఎండాకాలం నిశ్చయమైంది. టైల్సు, కప్పు కింద తెల్ల పలకలు, కరెంటు వైర్లు, నల్లా పైపులు, అన్నీ కొత్తవే. వంటింటికీ నడిమి గదికీ మధ్య ఉన్న గోడ తీసేయాలి. ఫోనులో బొమ్మ చూపించాడు విఘ్నేశ్వర్. అందులో గోడ ఉండాల్సిన చోట వెలుతురుంది.

ఆ గోడ రత్నక్కది.

మా ఆయన మొదటి భార్య నాగరత్నం. నేను ఆమెను చూడలేదు. ఇరవై రెండేళ్లకే పోయింది. మూడు రోజుల జ్వరం. రెండు రోజులు వంటింటి గోడకు వీపు ఆనించి నిలబడే వంట చేసిందట. కూర్చొమ్మంటే "కూర్చుంటే మళ్ల లేవ" అన్నదట. మూడో రోజు అక్కడే కూర్చుంది. లేవలేదు.

ముత్తైదువగా పోయింది గనుక ఆ గోడకు పసుపు రాసి, బొట్టు పెట్టి, పేరంటాలుగా నిలుపుకున్నారు. నన్ను రెండో పెళ్లి చేసి తెచ్చిన రోజు మా అత్తగారు ఆ గోడ ముందు నిలబెట్టి చెప్పింది. "ఈమె నీ అక్క. ఇంట్లకు కొత్త చీర ఏదొచ్చినా ముందు అక్కకు పెట్టి, ఆ తర్వాతనే నువ్వు కట్టుకోవాలె. ఆమె కోసమని తెచ్చిన చీర మరచిపోయి ఇంకొకలకు కప్పితే, ఆమె చోట్ల వాళ్లను నిలబెట్టినట్టే. యాదుంచుకో."

యాదుంచుకున్నాను. గోడకు ఒక మేకు ఉండేది. కొత్త చీర మడత విప్పి దానికి తగిలించి, దండం పెట్టి, అప్పుడు తీసేదాన్ని. భవ్య చీరలకు కూడా అంతే. ఆమె నవ్వేది గానీ ఏనాడూ కాదనలేదు.

మా మామగారి కాలం నుంచి మా ఇంటి పనులు చేసిన సంగయ్య మేస్త్రీ గోడ చూసి గడ్డపార కింద పెట్టాడు.

"అమ్మా, గీ గోడకు బొట్టున్నది. ముందు ఆమెను దించాలె. గట్ల దించకుంట నేను చెయ్యి పెట్ట."

బొట్టున్న ఇటుక ఒక్కటి జాగ్రత్తగా ఊడదీసి నా చేతిలో పెట్టాడు. పాత చీరలో చుట్టి, రోజూ దీపం పెట్టాలన్నాడు. మళ్లీ మన సొంత గోడలోనే, కొత్త చీర పెట్టి నిలపాలన్నాడు. "ఎన్ని రోజులకు తెస్తవో ఆమెకు చెప్పు. చెప్పినంక దాటొద్దు."

పూజ గదికి చిన్న గోడ కట్టిస్తానని విఘ్నేశ్వర్ నాకు మాటిచ్చాడు. ఆ ధైర్యంతో ఇటుక మీద చెయ్యి వేసి అన్నాను. "తొంభై రోజులల్ల నీ గోడ నీకు కట్టిస్త, రత్నక్కా."

మేము నాలుగు వీధుల అవతల కిరాయి ఇంట్లో దిగాము. ఇటుకను వంటింటి అలమారలో పెట్టి రోజూ దీపం వెలిగించాను. వానలు పడ్డాయి. టైల్సు సగం పగిలి వచ్చాయి. వడ్రంగి పెళ్లికని పోయి నెల రోజులకు వచ్చాడు. ఎనభై నాలుగో రోజున పూజ గదికి గోడ బదులు చెక్క మందిరం దిగింది.

"జాగ కలిసొస్తదమ్మా. ఇటుకను దాంట్లనే పెట్టుకో" అన్నాడు అబ్బాయి.

సంగయ్యను అడిగాను. చెక్క మందిరం గోడ కిందికి రాదన్నాడు. పక్క గోడల్లో సగం పక్కింటివాళ్లది, అక్కడా పెట్టొద్దన్నాడు. ముందు షట్టరు, వెనక పెరటి తలుపు పోను, ఇంట్లో సొంత గోడ ఇక ఒక్కటీ లేదు. అబ్బాయితో గట్టిగా కొట్లాడవలసింది. నాకు గొంతు లేవదు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట పోయి భవానీ అమ్మవారికి ఒడిబియ్యం పోసి, ఏడ్చి వచ్చాను. అంతే చేశాను.

తొంభై ఒకటో రోజు కంపెనీ నుంచి వచ్చి భవ్య అన్నది. "అత్తమ్మా, పొద్దటి సంది వీపు సల్లగుంటున్నది. తడి గోడకు ఆనుకున్నట్టు."

చూశాను. జాకెట్టు వెనక పాత సున్నం అంటి ఉంది. "బస్సు సీటుది కావచ్చు" అన్నది. దులిపాను. పోలేదు.

తొంభై మూడో రోజు శుక్రవారం. దీపాల వేళ. రంగు చూసి వస్తానని భవ్య బస్సు దిగి నేరుగా కొత్త ఇంటికి పోయిందని తెలిసి, ఇటుక మూట పట్టుకొని నేనూ పోయాను. గోడ కట్టించమని ఇవాళ ఏమైనా సరే అబ్బాయిని అడగాలనుకున్నాను. రత్నక్క కోసం కొన్న ఆకుపచ్చ నేత చీర కూడా చంకలో ఉంది.

ఆ వేళకు ఫ్యాక్టరీల గాలి మళ్లి, ఊరంతా కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. మాకది మామూలే. దుకాణం దాటి లోపలికి అడుగు పెట్టగానే ఆ వాసన తెగిపోయింది. రంగు వాసన లేదు, సిమెంటు వాసన లేదు. పచ్చి పసుపు వాసన. నూరిన పసుపు... తడి పసుపు.

ఒక్కటే బల్బు, వైరుకు వేలాడుతోంది. దాని కింద కొత్త టైల్సు నీళ్లలా మెరుస్తున్నాయి. గదికీ వంటింటికీ మధ్య, గోడ ఉండిన చోట, భవ్య నిలబడి ఉంది.

నిలబడి కాదు. ఆనుకొని ఉంది.

పాదాలు ముందుకు చాపి, నడుము వెనక్కి వాల్చి, తల కొంచెం వెనక్కి ఆనించి. వెనక ఏమీ లేదు. ఆమె వీపు వెనక నుంచి అవతల కొత్త పొయ్యి గట్టు కనిపిస్తోంది... గ్యాసు పైపు కనిపిస్తోంది... ఆమె మాత్రం పడటం లేదు.

"భవ్యా..." అన్నాను.

కళ్లు మాత్రం తిప్పింది. "అత్తమ్మా... వస్తలేదు."

"ఏం వస్తలేదు బిడ్డా?"

"వీపు."

విఘ్నేశ్వర్‌ను పిలిచాను. దుకాణంలోంచి ఉరికి వచ్చాడు. ఒక్క క్షణం నవ్వబోయాడు. తర్వాత ఆమె వెనక చెయ్యి పెట్టి గాలిలో అటూ ఇటూ ఆడించాడు. నవ్వు పోయింది. భుజాలు పట్టి లాగాడు. భుజాలు కదిలాయి. వీపు కదలలేదు. ఆమె గట్టిగా అరిచింది. వాడు మళ్లీ లాగలేదు.

"సంగయ్యను పిలువు" అన్నాను. నా జీవితంలో వాడికి నేను గట్టిగా చెప్పిన మాట అదొక్కటే.

సంగయ్య వచ్చి చూశాడు. పెరట్లో పాత ఇటుకలు మిగిలి ఉన్నాయి. ఆమె వెనక, సరిగ్గా పాత గోడ జాడలోనే, మనిషి వెడల్పున వరుసలు పేర్చడం మొదలుపెట్టాడు. విఘ్నేశ్వర్ సిమెంటు మాలు కలిపి అందించాడు. తాపీ గీకే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"ఒక్క పూట గింత ఎత్తు లేపొద్దు" అని తనలో తానే గొణిగాడు. అయినా లేపాడు.

భవ్య వణుకుతోంది. పెదాలు తెల్లబడ్డాయి. "కాళ్లు గుంజుతున్నయ్ అత్తమ్మా... జెర సేపు కూర్చుంట..."

"వద్దు తల్లీ. కూర్చోకు."

"జెర సేపే..."

"కూర్చోకు బిడ్డా. నా మీద ఒట్టు."

ఆమె భుజాల ఎత్తుకు వచ్చాక సంగయ్య రత్నక్క ఇటుకను మూట విప్పి తీసుకున్నాడు. పసుపు ఇంకా తడిగా ఉంది. మూడు నెలల కింది పసుపు. దాన్ని వరుసలో కూర్చి, చెయ్యి చాపాడు. "మేకు కొడుత. చీర ఇయ్యమ్మా."

అప్పుడే భవ్య పళ్లు కటకట కొట్టుకున్నాయి. ఒళ్లంతా కదిలిపోయేటంత చలి. చిన్నపిల్లలా నా వైపు చూసింది. నా చేతుల్లో మడత విప్పిన చీర ఉంది. వణికే పిల్లకు ఏ తల్లి అయినా ఏం చేస్తుంది?

కప్పాను. రెండు భుజాల మీదుగా, మెడ దాకా కప్పాను.

సంగయ్య చాపిన చెయ్యి కిందికి దిగింది.

"అమ్మా..." అన్నాడు. "ఎంత పని జేసినవ్..."

నేను చీర లాగబోయాను. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుంది. వణుకు లేదు. ఒక్క అడుగు ముందుకు వేసింది. ఎంత తేలిగ్గా వచ్చిందంటే, గోడ దగ్గర అప్పుడే తిరగలి పని ముగించి లేచినట్టు. వెనక తడి గోడ మీద వీపు అచ్చు ఉండాలి కదా. లేదు. నున్నగా ఉంది.

"వచ్చిందమ్మా! వచ్చేసింది!" అని విఘ్నేశ్వర్ ఆమెను పట్టుకొని ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు.

మర్నాడు కిరాయి ఇంట్లో నేను లేచేసరికి పొయ్యి దగ్గర ఆమె. నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ. దద్దురు లేదు. ఆకుపచ్చ చీర, కొంగు కుడి భుజం మీదకు, మా అత్తగారి కాలంలో కట్టినట్టు.

"లేచినవా చెల్లె?" అన్నది. "పాలు పొంగిచ్చిన."

చాయ్ తాగుతున్న విఘ్నేశ్వర్ నవ్వాడు. "అత్తను పట్టుకొని చెల్లె అంటున్నవేంది? మస్తు ఖుషీల ఉన్నట్టున్నవ్."

ఇగ అంతే. ఉద్యోగం మానేసింది. గృహప్రవేశం అయింది. ఆ చిన్న గోడను తల దాటేదాకా లేపించి, నున్నగా పూత పూయించి తెల్ల రంగు వేయించాడు అబ్బాయి. వచ్చినవాళ్లంతా ఇల్లు అద్దంలా ఉందన్నారు. "ఇప్పుడు ఇల్లు ఇల్లు లెక్కున్నదమ్మా. కొట్లాట లేదు, ఎదురు మాట లేదు" అంటాడు వాడు. వాడికి నేను రెండుసార్లు చెప్పి చూశాను. రెండోసారి నన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు.

సంగయ్య ఇంటికి పోయి కాళ్ల మీద పడ్డాను. గోడ పగలగొట్టమన్నాను. అతను నన్ను లేపి, తల దించుకున్నాడు. "గడ్డపార ఎవల మీద పెట్టాలమ్మా? లోపలున్నామె మీదనా?"

తిరిగి వచ్చేసరికి ఆమె గడపలో నిలబడి ఉంది. నేనెక్కడికి పోయానో ఎవరికీ చెప్పలేదు. "నలభై ఏండ్లు నన్ను మంచిగ చూసుకున్నవు చెల్లె" అన్నది మెల్లగా. "గోడ జోలికి పోకు."

వర్ష ఆమె దగ్గరికి పోదు. బడి నుంచి వచ్చి, ఆ గోడ పక్కనే చాప వేసుకొని హోంవర్కు చేసుకుంటుంది. ఎందుకే అంటే "ఈడ వెచ్చగుంటది నానమ్మా" అంటుంది.

పోయిన సోమవారం గోడకు దీపం పెడుతుంటే చూశాను. ముఖం ఎత్తున ఒక మెరూన్ బొట్టు బిళ్ళ. అలవాటు కొద్దీ గోటితో గీకాను. గోరు జారింది. బిళ్ళ రంగు మీద లేదు. రంగు కిందుంది.

మంగళవారం దాని పక్కన ఇంకొకటి. బుధవారం ఇంకొకటి. ఆరు రోజులు, ఆరు బిళ్ళలు, ఒకే ఎత్తున. రోజూ వాటి ముందు నిలబడి, గోడకు నోరు దగ్గరగా పెట్టి ఒకటే మాట చెప్పాను. కూర్చోకు బిడ్డా. కూర్చోకు.

ఇవాళ ఆదివారం. పొద్దున్నే వర్ష వచ్చి నా కొంగు పట్టి గుంజింది. చెవిలో గుసగుసగా అడిగింది.

"నానమ్మా, ఇయ్యాల అమ్మ బిళ్ళ గంత కింద పెట్టిందేంది?"

పోయి చూశాను. తర్వాత మెల్లగా నేల మీద కూర్చొని, ఆ గోడకు వీపు ఆనించి, తల పక్కకు తిప్పాను.

బిళ్ళ సరిగ్గా నా కనుబొమల ఎత్తున ఉంది.